జువ్వలదిన్నె సరంగు గారికి, ఆయన కలాసీలకు కృతజ్ఞతలు

గత ఫిబ్రవరిలో నేను మొదటిసారి లోసముద్రం వేటకు వెళ్లినప్పుడు నా కుడిచేతిని కాపాడిన, నెల్లూరు జిల్లా తీరంలోని జువ్వలదిన్నె బోటు సరంగు (బోటు నడిపే పెద్ద) గారికి, ఆయనతో ఉన్న నలుగురు కలాసీలకు (బోటు పనివాళ్లకు) అందరి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు వేయవద్దని సరంగు గారు కోరారు కనుక వేయడం లేదు.

పదిహేనేళ్లుగా నెల్లూరులో రొయ్యల మేత వ్యాపారం చేస్తున్నాను. వనామీ రొయ్య ఏ కౌంటుకు, అంటే కిలోకు ఎన్ని తూగితే, ఏ ధర పలుకుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను గానీ, మైపాడు ఒడ్డున మోకాలి లోతు దాటి సముద్రంలో అడుగు పెట్టింది లేదు. బావమరిది, మరో ఇద్దరు మిత్రులు పట్టుబట్టడంతో, ట్యూనా అని ఇప్పుడందరూ అంటున్న సూర చేపల వేట కోసం డీజిలు, ఐసు, మనుషుల కూలి కలిపి ఒక పగలు, ఒక రాత్రికి బోటు అద్దెకు మాట్లాడుకున్నాము. బయలుదేరే ముందే సరంగు గారు మా ఆధార్ నకళ్లు తీసుకుని, లైఫ్ జాకెట్లు తొడిగించి, చేప బోటు మీదికి వచ్చాక దాని నోటి దగ్గరికి ఎవ్వరూ చెయ్యి పోనివ్వరాదని రెండుసార్లు చెప్పారు. ఈ మాట నేను విన్నాను; విన్నానని ఒప్పుకోవడమే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఒడ్డు కనుమరుగైన గంటకే నాకు వాంతులు పట్టుకున్నాయి. ఇంజను పొగ దగ్గర ముడుచుకుని పడుకున్న నన్ను లేపి, గాలి తగిలే ముందు భాగాన కూర్చోబెట్టి, కిందికి చూడకుండా ఆకాశం, నీళ్లు కలిసే గీత మీదనే చూపు నిలపమని చెప్పి, అల్లం ముక్క, ఉప్పు వేసిన గంజి ఇచ్చిన చిన్న కలాసీకి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. సుమారు 30 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 55 కిలోమీటర్లు పోయేసరికి బురద పచ్చగా ఉన్న నీరు ముదురు నీలమైంది, నా తల కూడా తేలికపడింది.

దూరాన పక్షులు గుంపుగా నీటి మీద వాలుతుండడం చూసి సరంగు గారు బోటును అటు తిప్పారు. వెనుక లాగుతున్న గాలాల్లో ఒకటి బిగిసింది. ఇద్దరు కలాసీలు చేతికి తొడుగులు వేసుకుని, అది లాగినప్పుడు వదులుతూ, అలసినప్పుడు గుంజుతూ చాలాసేపు పోరాడి, కొక్కెం వేసి పైకి తీసింది సుమారు పన్నెండు కిలోల సూర. బల్లల మీద పడగానే అది తోకతో డప్పు వాయించినట్టు దడదడ కొట్టింది. ముట్టుకుంటే ఒళ్లు వెచ్చగా ఉంది. కండరాల్లో పుట్టిన వేడిని రక్తనాళాల అమరికతో ఒంట్లోనే నిలుపుకునే చేప అది. చేపంటే చల్లగా ఉండాలనుకునే నాకు ఆ వెచ్చదనం వింతగా తోచి, చెయ్యి ఇంకొంచెం ముందుకు జరిపాను. అది తల విదిలించింది. దాని నోట్లోంచి ఊడిన గాలం నా బొటనవేలి మొదట్లో, వెనక్కి రాకుండా పట్టే ముల్లుతో సహా దిగిపోయింది.

నా మిత్రుడు కటింగ్ ప్లేయరు పట్టుకుని గుంజబోయాడు. సరంగు గారు అతని చెయ్యి పట్టి ఆపి, "వెనక్కి లాగితే కండ చీలిపోద్ది సార్, దాన్ని ఉన్నచోట ఉండనీయండి" అన్నారు. తాడు కోసివేసి, మంచినీళ్లతో కడిగి, గాలం కదలకుండా చుట్టూ గుడ్డ కట్టి, ఆ రాత్రి వేట మొత్తం వదులుకుని బోటును ఒడ్డుకు తిప్పారు. రాత్రి పడే చేపలో కలాసీలకు వాటా ఉందని నాకు తరువాత తెలిసింది. ఆ సంగతి దారి పొడుగునా ఒక్కరూ ఎత్తలేదు.

కావలి ప్రభుత్వ వైద్యశాల దాకా సరంగు గారే వెంట వచ్చారు. డాక్టరు గారు మత్తు సూది ఇచ్చి, గాలం మొనను ముందుకు నెట్టి బయటికి తెప్పించి, ముల్లును కత్తిరించి, మిగిలినది వచ్చిన దారినే వెనక్కి తీసివేశారు. బోటులో గుంజి ఉంటే వేలి నరాలు తెగే ప్రమాదం ఉండేదన్నారు. ధనుర్వాతం సూది వేసి పంపారు. కుట్లు కూడా పడలేదు.

ఈ హడావిడిలో నేను మరిచిన చేపను వాళ్లు మరువలేదు. పట్టిన వెంటనే మొప్పలు కోసి రక్తం కార్చి, పేగులు తీసి, ఐసులో పూడ్చి మా ఇంటికి చేర్చారు. సూరను ఎండలో వదిలేస్తే దాని ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం పెరిగి, తిన్నవారికి ముఖం ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి; ఒకసారి పుట్టాక ఎంత ఉడికించినా అది పోదు. మాంసంలా ఎర్రగా ఉందని మొదట ముఖం చిట్లించిన మా అత్తగారు, మామిడికాయ వేసి పులుసు పెట్టి, మరునాడు ఉదయం అడుగున మిగిలినది తానే తిన్నారు.

పోయిన రాత్రి వేటకు బదులుగా ఇవ్వబోయిన డబ్బును సరంగు గారు రెండుసార్లు వెనక్కి పంపారు. అందువల్ల ఈ మాటల రూపంలోనైనా కాదనకుండా స్వీకరించమని కోరుతున్నాను. ఆ పాళెం నుంచి ఎవరు ఏ పని మీద నెల్లూరు వచ్చినా, భోజనం వేళకు మా ఇంటికి రావాలి. నాకు గంజి ఇచ్చిన ఆ చిన్న కలాసీ మాత్రం ముందుగా ఫోను చేసి వస్తే, అతనికి అత్తగారు వేరే పులుసు పెడతానన్నారు.