మోటారు మెకానిక్ చదువు: ఖర్చెంత, రాబడెంత?

సంపాదకులకు,

ఆర్యా,

పదో తరగతి ఫలితాలు వెలువడగానే పాలిటెక్నిక్, ఐటీఐ ప్రవేశాల సమాచారం పత్రికల నిండా కనిపిస్తుంది. సీట్లెన్నో, ఫీజెంతో, దరఖాస్తుకు గడువెప్పటిదాకానో అందులో ఉంటాయి. చదువు పూర్తయ్యాక ఆ కుర్రవాడికి నెలకు ఎంత వస్తుందన్నది మాత్రం ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లో వాహనాల మరమ్మతు షెడ్డు నడుపుతున్న నన్ను ఈ రోజుల్లో తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: అబ్బాయిని ఐటీఐలో వేయాలా, ఆటోమొబైల్ డిప్లొమాలో చేర్చాలా, లేక నేరుగా షెడ్డులో పనికి పెట్టాలా? ఈ ప్రశ్నకు జవాబు ఫీజుల పట్టికలో దొరకదు.

ఐటీఐలో మోటారు వెహికల్ మెకానిక్ కోర్సు రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది, పాలిసెట్ రాసి చేరే ఆటోమొబైల్ ఇంజనీరింగ్ డిప్లొమా మూడేళ్లు. ప్రభుత్వ సంస్థల్లో బోధన రుసుము తక్కువే కాబట్టి చాలామంది ఖర్చేమీ లేదనుకుంటారు. అసలు ఖర్చు కాలానిది. షెడ్డులో హెల్పరుగా చేరినవాడికి నెలకు సగటున పదివేలు వస్తాయనుకుంటే, రెండేళ్ల చదువు వల్ల వదులుకునే సంపాదన 2,40,000 రూపాయలు, మూడేళ్లకైతే 3,60,000. బస్సు చార్జీలు, హాస్టలు, సొంతంగా కొనుక్కోవలసిన స్పానర్లు, సాకెట్ల సెట్టు దీనికి అదనం. ప్రైవేటు కళాశాలలో చేరినవాడికి మరో చిక్కుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని ధ్రువపత్రాలు ఆపేస్తే, చేతికందిన ఉద్యోగంలో చేరలేక గడిచిపోయే నెలలు కూడా ఆ కుటుంబం ఖర్చుకిందే వస్తాయి.

మరి రాబడి సంగతి? 2019లో సవరించిన అప్రెంటిస్ (సంస్థలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణార్థి) నిబంధనల్లో ఐటీఐ ధ్రువపత్రం ఉన్నవారికి నెలకు కనీసం 7,000 రూపాయలు, డిప్లొమా ఉన్నవారికి 8,000 రూపాయలు స్టైపెండ్‌గా, అంటే శిక్షణ కాలపు భృతిగా నిర్ణయించారు. అంటే ఒక ఏడాది అదనంగా చదివినందుకు దక్కిన తేడా వెయ్యి రూపాయలు. పైన చెప్పిన అంచనా ప్రకారం ఆ ఏడాది విలువ 1,20,000 అయినప్పుడు, జీతాల్లోనూ ఇదే తేడా కొనసాగితే ఆ సొమ్ము తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. డిప్లొమా దండుగని నేను అనడం లేదు. ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరదలచినవాడికి, రవాణా శాఖలో అసిస్టెంట్ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగంపై గురి ఉన్నవాడికి ఆ మూడేళ్లు సార్థకమే. కానీ తెలంగాణలో 2022 చివర ఆ ఉద్యోగానికి వెలువడిన ప్రకటనలో ఉన్న ఖాళీలు 113 మాత్రమేనన్నది మరచిపోకూడదు. సర్వీసు సెంటరులో గానీ, సొంత షెడ్డులో గానీ బండి విప్పి పనిచేయాలనుకునేవాడికి నేను ఐటీఐ రెండేళ్ల కోర్సు, ఆపైన ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్పే చెబుతాను. పై చదువు మీద తరువాత మనసు పుట్టినా, ఐటీఐ పూర్తిచేసినవారు పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరే వీలుంది.

చదువే అక్కర్లేదు, మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటే చాలనే మాట ఆటోనగర్‌లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఒకప్పుడు అది నిజం. 2020 ఏప్రిల్ 1 నుంచి వాహనాల పొగకు పరిమితులు పెట్టే బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక చాలా ద్విచక్ర వాహనాల్లో సైతం కార్బురేటరు పోయి, సెన్సర్ల లెక్కతో ఇంధనాన్ని చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇంజను చప్పుడు విని లోపం చెప్పగల మేస్త్రికి కూడా ఇప్పుడు స్కానరు పెట్టి లోపాన్ని తెలిపే కోడు చదవడం, వైరింగ్ పటం చూసి సెన్సరును పరీక్షించడం తప్పనిసరి. ఇది తరగతిలో కూర్చుని నేర్చుకోవలసిన పని. అయితే తరగతి ఉన్నంత మాత్రాన నేర్పుతున్నారని కాదు. బీఎస్-6 ఇంజను మీద ఒక్కసారైనా చెయ్యి పెట్టకుండానే ధ్రువపత్రం తెచ్చుకున్న కుర్రవాళ్లు మా దగ్గరికి వస్తున్నారు. మా షెడ్లవాళ్లలోనూ కొందరు వాళ్లకు పని నేర్పకుండా విడిభాగాలు కడగడానికే వాడుకుంటున్నారు. అది వేరే కథ.

తెలంగాణ ప్రభుత్వం 2024లో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన శిక్షణ కేంద్రాలుగా మార్చే పనికి 2,324 కోట్ల రూపాయల అంచనాతో శ్రీకారం చుట్టింది. సంతోషించదగినదే. యంత్రాలకు ఎంత వెచ్చించారో ప్రకటించినట్లే, వాటిపై శిక్షణ పొందినవారు ఎక్కడ చేరారో, ఎంత జీతానికి చేరారో కూడా ఏటా ప్రకటించాలి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ, ప్రైవేటు అనే తేడా లేకుండా ప్రతి ఐటీఐ, పాలిటెక్నిక్ తన ప్రవేశ ప్రకటనలోనే కోర్సులవారీగా ఎంతమంది చేరారు, ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి అప్రెంటిస్‌షిప్ దొరికింది, ఏడాది తరువాత వాళ్ల జీతమెంత అన్న నాలుగు అంకెలు ముద్రించాలని నిబంధన పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

దీనితోపాటు అమలు కావలసిన చట్టం మరొకటి ఉంది. ముప్పై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అంతమంది సిబ్బంది ఉన్న కార్ల సర్వీసు సెంటర్లు మన పట్టణాల్లో తక్కువేమీ లేవు. అవి ఎందరిని తీసుకుంటున్నాయో ఉపాధి, శిక్షణ శాఖ జిల్లాలవారీగా తనిఖీ చేసి, వచ్చే ప్రవేశాల ప్రకటనకు ముందే ఆ జాబితాను ప్రజల ముందుంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మరమ్మతు షెడ్డు యజమాని,
ఆటోనగర్, విజయవాడ