తాత ఒకచోట, మనవడు ఒకచోట: చిత్తూరు సార్‌కి, అమ్మకి కృతజ్ఞతలు

ఈ పోస్టు ఎప్పుడో రాయాల్సింది, మూడు నెలలు ఆలస్యమైంది. సార్ తన పేరు రాయొద్దన్నారు. ఊరు రాసుకోమన్నారు. కాబట్టి చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉండే ఒక రిటైర్డ్ జియాలజిస్టు గారికి, వాళ్లింటి అమ్మకి, దారిలో చెయ్యందించిన ఇంకొందరికి ఈ నాలుగు మాటలు.

నేను తిరుపతిలో జియాలజీ పీహెచ్‌డీ చేస్తున్నాను. పనంతా రాజస్థాన్‌లో, నాగౌర్ వైపు, ఒక ఎండిపోయిన ఉప్పు మడుగు చుట్టూ. అక్కడి సున్నపు గడ్డల పొరల్లోకి యురేనియం ఎట్లా వచ్చి చేరుతుందన్నది నా టాపిక్. "కొండ కింద కూర్చుని ఎడారి చదువేందే" అని మా మేనమామ ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఆయనకేం తెలుసు! తిరుమల ఘాట్ రోడ్డు పక్కన జియలాజికల్ సర్వే వాళ్ల బోర్డు ఒకటుంది. కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు (గట్టిపడ్డ ఇసకరాయి), రెంటికీ నడుమ 80 కోట్ల ఏళ్ల ఖాళీ, ఆ మధ్యకాలపు రాళ్లే అక్కడ లేవు. బస్సులో గోవిందలు కొట్టుకుంటూ అందరం ఆ గీత దాటే పోతాం. ఎమ్మెస్సీలో మా మేడమ్ మమ్మల్ని అక్కడ దింపి, ఒక చెయ్యి కింది రాయి మీద, ఒక చెయ్యి పై రాయి మీద పెట్టించారు. నేను ఈ చదువులో ఉండిపోవడానికి కారణం ఆ పూటే. మేడమ్‌కి కూడా థ్యాంక్స్, ఎప్పుడూ చెప్పలేదు.

సరే, అసలు కథ. ఎండ ప్రాంతాల్లో యురేనియం పేరుకునే తీరు ఒకటుంది. చుట్టూ ఉన్న గ్రానైటు కొండలు అరుగుతాయి. గాలి తగిలిన నీళ్లలో యురేనియం కార్బొనేటుతో కలిసి కరిగి, భూమిలోపల మెల్లగా పల్లానికి పాకుతుంది. పల్లంలో నీళ్లు పైకొచ్చి ఆవిరైపోతాయి, సున్నం గడ్డ కడుతుంది. దాంతోపాటే యురేనియం, వనాడియం, పొటాషియం జతకలిసి కార్నొటైట్ అనే పచ్చటి ఖనిజంగా గడ్డల పగుళ్లలో పూత పూస్తాయి. గడపకు పసుపు రాసినట్టే ఉంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈలిర్రీ నిక్షేపం 1970ల మొదట్లో దొరికింది ఇట్లాంటి చోటే. నమీబియా ఎడారిలో లాంగర్ హైన్రిక్ గని కూడా అదే బాపతు, అక్కడ పాత ఏటి గర్భమంతా ఇదే సరుకు. మన దేశంలో యురేనియం వెతకడం, లెక్కగట్టడం అణు ఖనిజాల డైరెక్టరేట్ పని. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఆ సంస్థ 1949లో మొదలైంది. నాది గని వెతుకులాట కాదు, ఆ చేరిక ఎట్లా జరుగుతుందన్న చదువు వరకే.

మొదటి ట్రిప్పు పోయిన నవంబరులో. సింటిలోమీటర్ (రేడియోధార్మికత తగిలితే కటకటలాడే కౌంటర్) భుజాన వేసుకుని పొద్దుటి నుంచి మడుగు అంచులన్నీ గళ్లు గీసుకుని నడిచాను. అంచున తెల్లగా పేలిన ఉప్పు పొర మీద కౌంటర్ కటకటలాడింది. ఆ చోట్లన్నీ గుర్తుపెట్టి, పైపొర గీకి, సంచుల్లో కట్టాను. డ్రైవర్ భాయ్‌కి నా హిందీ సగం అర్థమయ్యేది, ఆయన మార్వాడీ నాకు అసలు అర్థమయ్యేది కాదు. అయినా లాడ్జి దొరకని రోజున వాళ్లింటికి తీసుకెళ్లాడు. వాళ్లమ్మ సజ్జ రొట్టె, మజ్జిగ పెట్టి, తన మంచం పక్కనే నాకు మంచం వేసింది. పొద్దున లేచి చూస్తే వాకిట్లో జమ్మి చెట్టు. వాళ్లు ఖేజ్రీ అంటారు. దసరాకి మనం ఆకులు తెంపుకుని పంచుకునే చెట్టే, అక్కడ మేకలకు మేత, కాయలు కూర. ఆ ఇంటికి నేను ఏమీ ఇచ్చుకోలేకపోయాను. వాళ్లు తెలుగు చదవలేరు, అయినా ఇక్కడ రాస్తున్నా.

జోధ్‌పూర్‌లో పార్సిల్ వేసిన సంచులు రేణిగుంట చేరేసరికి నాకు జ్వరం. రూమ్మేట్ స్కూటీ మీద రెండు సార్లు తిరిగి మోసుకొచ్చింది. "రాళ్లకు టికెట్ పెట్టి తెచ్చే మనిషిని నిన్నే చూస్తున్నా" అంది. దానికి చిన్న థ్యాంక్స్ చాలు, ఎక్కువ చెప్తే నెత్తికెక్కుతుంది.

ల్యాబ్ నుంచి కెమిస్ట్రీ, అంటే రసాయన పరీక్ష, రిపోర్టు జనవరిలో వచ్చింది. కౌంటర్ కటకటలాడిన చోట్ల మట్టిలో యురేనియం దాదాపు లేదు. ఊరికే, ఒక రైతు బావి తవ్విపోసిన కుప్ప మీద నుంచి తెచ్చిన రెండు సున్నపు గడ్డల్లో మాత్రం బాగా ఉంది. అక్కడ కౌంటర్ పెద్దగా పలకలేదని నా నోట్‌బుక్‌లో నా చేత్తోనే రాసుంది! సంచుల మీద నంబర్లు నువ్వే తారుమారు చేశావన్నారు ల్యాబ్ వాళ్లు. ల్యాబ్ వాళ్లే మార్చారని నేను. నాలుగు రోజులు తిండి సయించలేదు. టాపిక్ మార్చుకుందామని మెయిల్ కూడా టైపు చేసి పెట్టుకున్నా.

అప్పుడు మా సీనియర్ ఒకాయన చిత్తూరు సార్ ఫోన్ నంబరిచ్చాడు. ఫోన్ చేస్తే "రిపోర్టు, నోట్‌బుక్కు రెండూ తీసుకోని రాపో" అన్నారు, అంతే. ఆదివారం తిరుపతి నుంచి పొద్దుటి బస్సెక్కాను.

ఆయన ఉద్యోగమంతా యురేనియం వెంట తిరగడమే. రాజస్థాన్‌లోనే ఖేత్రి వైపు కొన్నేళ్లు, తర్వాత మన కడప బేసిన్. తుమ్మలపల్లెలో గని, మిల్లు 2012లో మొదలయ్యాయని మనకు వార్తల్లో తెలుసు. ఆ వేంపల్లి సున్నపురాళ్ల పొరల మీద చెప్పులరిగేలా నడిచిన వాళ్లలో ఆయనొకరు. రిపోర్టు ముట్టుకోనే లేదు. రెండే ప్రశ్నలడిగారు. "ఆ బావి కుప్పలో గడ్డలు ఎంత లోతునుంచి వచ్చినాయి పాపా? మడుగులో నీళ్లు నాలికమీద పెట్టుకుంటే ఎట్లుంటాయి?" మనిషి రెండు నిలువుల లోతు, ఉప్పు కషాయం అన్నాను.

నవ్వి ఆయన చెప్పిన ముక్క యథాతథంగా రాస్తున్నా, రేపు నా తర్వాత వచ్చే పిల్లలకు పనికొస్తుంది. "కౌంటర్ తాతను చూడదు పాపా. తొమ్మిదో తరం వాణ్ణి చూసి, తాత ఇంట్లోనే ఉండాడనుకుంటుంది."

తాతంటే యురేనియం-238. అది సొంతంగా విడిచే గామా కిరణాలు అంతంతమాత్రం. అది మారుతూ మారుతూ ఐదో తరంలో రేడియం, ఆరో తరంలో రేడాన్ వాయువు, తొమ్మిదో తరంలో బిస్మత్-214 అవుతుంది. గామా కిరణాలను శక్తిని బట్టి విడదీసి చూపే స్పెక్ట్రోమీటర్‌లో 1.76 ఎంఈవీ (ఆ శక్తికి కొలత) దగ్గర "యురేనియం" అని మనం చదివే గీత ఆ బిస్మత్‌ది. పుస్తకంలో నేనూ చదివాను, పరీక్షలో రాశాను కూడా. ఎండలో నడుస్తూ కటకట వింటుంటే అవేం గుర్తురావు.

"తాత ఊరొదిలి పోయుండచ్చు, పిల్లోళ్లు ఇంట్లోనే ఉండచ్చు. నీ ఉప్పు అంచున జరిగిందదే" అన్నారు. ఉప్పు నీళ్లలో రేడియం సులువుగా కదులుతుంది, నీళ్లతో పైకి పాకి, నీళ్లు ఎగిరిపోయాక పొరలో ఉండిపోతుంది. తాత లేని ఇల్లు కదా, అందుకే కెమిస్ట్రీలో సున్నా. "ఇంగ లోపలి గడ్డల్లో తాత ఊరికి కొత్తగా వచ్చినాడు, ఇంకా పెండ్లే కాలేదు. మనవళ్లు యాడనుంచి వస్తారు?" నాలుగో తరం థోరియం-230 సగం తరగడానికే 75 వేల ఏళ్లు పడుతుంది. సంసారం నిండుగా సర్దుకోవాలంటే పది లక్షల ఏళ్ల పైమాటే. నిన్నమొన్న చేరిన యురేనియం కౌంటర్‌కి కనపడదు. పైగా అరమీటరు ఇసక కప్పిందంటే ఎంత పాతదైనా వినపడదు.

నా నంబర్లు తప్పు కాదు, ల్యాబ్ తప్పూ కాదు. అక్కడే ఏడ్చేశాను, సిగ్గులేకుండా. అమ్మ లోపల్నుంచి వచ్చి "ఏంది, పిల్లను ఏమన్నా అన్నావా" అని సార్‌ని కసిరి, నాకు సంగటి ముద్ద, ఊరిబిండి పెట్టింది.

తిన్నాక సార్ కాగితం మీద రెండో ట్రిప్పు ప్లాను గీసిచ్చారు. గళ్లు కాదు, గుంటలు. అంచు నుంచి మడుగు నడుముకు వరసగా, ప్రతి గుంటలో పైనుంచి కిందికి అడుగడుక్కీ శాంపిల్. ప్రతిదానికీ కెమిస్ట్రీ, గామా రెండూ. దుమ్ము రేగుతుంది కాబట్టి మూతికి మాస్కు, తినేముందు చేతులు కడుక్కోవడం, పచ్చ గడ్డ దొరికితే పడుకునే గదిలో పెట్టుకోకపోవడం. ఇంకోటి, గామా లెక్కపెట్టే ముందు శాంపిల్‌ని మూత బిగించి నెల రోజులు కదపకూడదు. రేడాన్ వాయువు కదా, దాని అర్ధాయువు (సగం తరిగే కాలం) 3.8 రోజులు. సంచిలో వదిలేస్తే ఎగిరిపోతుంది, దాని కింది తరాలూ తగ్గి కనిపిస్తాయి. నేను మొదటిసారి చేసింది అదే తప్పు. "ఊరగాయ పెట్టినట్టు పెట్టు" అన్నారు.

అన్నీ ఒకే సైజు డబ్బాలు కావాలి, ప్లాస్టిక్ కన్నా స్టీలు మేలన్నారు. అమ్మ అటక మీద నుంచి అట్టపెట్టె దింపింది. ఎవరి పెళ్లిలోనో రిటర్న్ గిఫ్టుగా పంచడానికి కొని మిగిలిపోయిన డజను స్టీలు డబ్బాలు, మూతల మీద వధూవరుల పేర్లతో సహా. వాటికి ఎంసీల్ పూసి బిగించాం. మా డిపార్ట్‌మెంటులో నా శాంపిళ్లను ఇప్పుడు "పెళ్లి డబ్బాలు" అంటున్నారు.

ఫిబ్రవరిలో మళ్లీ పోయాను. అదే భాయ్, అదే మంచం, అదే జమ్మి నీడ. గుంటలు తవ్వింది ఆ ఊరి కుర్రాళ్లు నలుగురు. మూడో గుంటలో, నడుం లోతున, కౌంటర్ దాదాపు మౌనంగా ఉన్న చోట, ఒక గడ్డ పగలగొడితే లోపల పసుపు పూత. సార్‌కి వీడియో కాల్ చేశా. ఆయన గడ్డను చూడకుండా "గుంట గోడలు కూలతాయేమో చూసుకో, పైకి ఎక్కు ముందు" అన్నారు.

రిపోర్టులు ఈసారి ఒకదానికొకటి అర్థం చెప్పుకున్నాయి. కింద కెమిస్ట్రీ ఎక్కువ, గామా తక్కువ. పై ఉప్పు పొరలో తారుమారు. పోయినవారం రివ్యూ కమిటీ ముందు పెట్టాను, పాసైంది. టాపిక్ మార్పు మెయిల్ డ్రాఫ్టుల్లోంచి తీసేశాను.

సార్, "పేరు పెట్టకపోతే చాలు" అన్నారు కాబట్టి పెట్టలేదు. థీసిస్‌లో మాత్రం పెడతా, అక్కడ మీ మాట వినను.

అమ్మా, మీ డబ్బాలు పన్నెండూ ఇంకా ల్యాబ్‌లోనే ఉండాయి. వాటిని మళ్లీ వంటింట్లోకి రానీయొద్దని సార్ ముందే చెప్పినారు కదా. అదే సైజువి కొత్తవి కొన్నాను, పేర్లు లేకుండా. ఆదివారం పొద్దుటి బస్సుకే తీసుకొస్తా.