ఇంటి ముందు గడ్డి గురించి

చిరంజీవి కిరణ్‌కు, నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. సుబ్బులు పిన్ని మనవరాలికి సంబంధం కుదిరింది, అబ్బాయిది అమలాపురం. వానలు పడ్డాయి కాబట్టి కడియపులంక నర్సరీల దగ్గర మళ్లీ లారీల సందడి మొదలైంది.

మొన్న సత్యం బావ వచ్చాడు. వాళ్లవాడు టెక్సస్‌లో మీ ఫ్రిస్కోలోనే, మీ వీధి మీదుగా వెళ్తుంటే మీ ఇల్లు కనబడిందట. ముందు గడ్డంతా ఎండిపోయి ఉందని, అమ్మకానికి పెడుతున్నారేమో అని అన్నాడట. నేను పెద్దగా పట్టించుకోలేదు. కాకపోతే మొక్కల మాట వచ్చింది కదా, ఉద్యోగమంతా ఉద్యానశాఖలోనే చేసినవాణ్ణి, నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

ఎండ పడే వైపు ఉన్నది బెర్ముడా గడ్డి. అది మన గరికే. మేం అక్కడున్నప్పుడు వినాయక చవితికి మీ అమ్మ అక్కడే కోస్తానంటే, మందు కొట్టి ఉంటారని నువ్వు వద్దన్నావు. దాని గురించి బెంగ లేదు. నీళ్లు చాలకపోతే పైకి ఎండినట్టు కనబడుతుంది గానీ వేరు బతికే ఉంటుంది, వాన పడితే లేస్తుంది. ఓక్ చెట్టు నీడలో ఉన్న సెయింట్ అగస్టీన్ గడ్డి అలా ఓర్చుకోదు. రోజూ పైపైన చిలకరించే కంటే, వారానికోసారి తెల్లవారుజామున నేల లోపలికి దిగేలా పట్టాలి. నీకు ఇవన్నీ తెలుసు. శనివారం వస్తే ముందు గడ్డి సంగతి చూసిగానీ కాఫీ తాగేవాడివి కాదు. అలాంటివాడివి నీళ్లు ఎందుకు ఆపావు? బిల్లు ఎక్కువొస్తోందా?

మీ వైపు నేల కూడా నల్లరేగడి లాంటిదే. ఎండితే బీటలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. మీ ఇల్లు దాని మీద పోసిన కాంక్రీటు పలక మీద నిలబడి ఉంది. ఒక పక్క ఎండి, ఇంకో పక్క తడిగా ఉంటే ఆ పలక కదులుతుంది. గోడలు బీటలిస్తాయి, తలుపులు బిగుసుకుపోతాయి. కొనేవాళ్లు ఇన్‌స్పెక్టర్‌ని వెంటబెట్టుకుని వస్తారు, ఆ బీట కనబడిందా, ముందువైపు ఎన్ని పూలమొక్కలు పెట్టినా ధర దిగిపోతుంది. అందుకే గడ్డి పోయినా పోనీ, పునాది చుట్టూ నేల మాత్రం బొత్తిగా ఎండిపోనివ్వకు. నీళ్లు ఇంటి నుంచి బయటికి పారాలి. అక్కడి ఇళ్ల నిర్మాణ నిబంధనల (కోడ్) ప్రకారం మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాల వాలు ఉండాలి.

వాలు అంటే దానవాయిపేట ఇల్లు గుర్తొస్తోంది. నువ్వప్పుడు కాకినాడలో ఇంజనీరింగ్, నీకు సగమే తెలుసు. మీ చిన్నాన్న ఆ ఇల్లు అమ్ముదామనుకోగానే బ్రోకరు వచ్చి, ముందున్న పొగడచెట్టు తీయించి టైల్స్ వేయిస్తే రెండు కార్లు పడతాయి, ఇంకో ఐదు లక్షలు వస్తాయి అన్నాడు. నేను వద్దన్నాను. నానమ్మ వద్దంది. వాడు వినలేదు. చెట్టు కొట్టించి, గుమ్మం నుంచి గేటు దాకా ఎర్ర టైల్స్ వేయించాడు. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. కానీ అంతకుముందే వీధిలో పాత రోడ్డు మీదే సిమెంటు రోడ్డు పోశారు, ఇల్లు కిందైపోయింది. ఇన్నాళ్లూ ఆ కాస్త మట్టే నీళ్లు పీల్చుకునేది. ఇప్పుడు మట్టి లేదు. తణుకు నుంచి భార్యాభర్తలు చూడ్డానికి వచ్చిన రోజున గంటసేపు వాన కురిసింది. వసారాలోకి మడమల దాకా నీళ్లు. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి, "ఇక్కడ పొగడచెట్టు ఉండాలి కదండీ?" అంది. చిన్నప్పుడు ఆ వీధిలోకి ట్యూషన్‌కి వచ్చేదట. పొగడపూల ఇల్లు అని గుర్తుపట్టే కొందామని వచ్చింది. ఐదు లక్షలు పెరగడం అటుంచి, అనుకున్న ధరలో మూడు లక్షలు తగ్గించి అమ్మాడు. నానమ్మ ఆ తర్వాత ఆ వీధి వైపు వెళ్లలేదు.

చెట్టుకు విలువ కట్టేవాళ్లు మీ దేశంలోనూ ఉన్నారు. పోర్ట్‌లాండ్‌లో ఇళ్ల అమ్మకాలు చూసి అటవీ శాఖ పరిశోధకులు 2010లో వేసిన లెక్క ఇది. వీధి చెట్లున్న ఇంటికి సగటున 8,870 డాలర్లు ఎక్కువ పలికాయి, ఇల్లు 1.7 రోజులు ముందే అమ్ముడుపోయింది. ఇంటి ముందు మొక్కల్లో ఏది ఇంటి విలువ పెంచుతుందని ఏడు రాష్ట్రాల్లో జనాన్ని అడిగి చేసిన ఇంకో అధ్యయనంలో మొక్కల రకాల కంటే వాటిని అమర్చిన తీరుకే ఎక్కువ బరువు, 42 శాతం. మొక్కల సైజుకి 36 శాతం. కాబట్టి డజను రకాలు కొనకు. ఉన్న ఓక్‌ను కాపాడుకో. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా దాని కొమ్మలు నరికించకు, తెగులు పురుగులు ఆ గాయాల మీదే వాలతాయి. మల్చ్, అదే నేల మీద కప్పే బెరడు ముక్కలు, వేస్తే మొదలుకి ఆనించి పోగు పెట్టకు, కాండం కుళ్లుతుంది. క్రేప్ మర్టిల్ పూలచెట్టుని మొండెంలా నరికే అలవాటు ఎవరిదో గానీ, నువ్వు మాత్రం ఒప్పుకోకు.

గడ్డి గురించి మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, అదే హెచ్‌ఓఏ, నుంచి నోటీసు వచ్చిందా? వస్తే టెన్షన్ పడకు. నీళ్లు తక్కువ తాగే మొక్కలు పెట్టుకోవద్దని వాళ్లు అడ్డం పడకూడదని టెక్సస్‌లో 2013లోనే చట్టం వచ్చింది. ముందుగా ప్లాన్ చూపించి అనుమతి తీసుకోవాలి, అంతే.

నిజంగా అమ్మాలనుకుంటే మాత్రం అప్పు చేసి ముందుభాగం అలంకరించకు. కలుపు తీయించు, అంచులు సరిచేయించు, వాకిలి కడిగించు, చాలు. మనవాళ్లు చూడ్డానికొస్తే ముందు తూర్పు ముఖమేనా అని అడుగుతారు, అది ఎలాగూ ఉంది.

అమ్మాలనే అనుకుంటున్నావా? ఉద్యోగం ఉందా? మూడు వారాలుగా ఫోన్ చేస్తే కోడలే మాట్లాడుతోంది, నువ్వు మీటింగ్‌లో ఉన్నావంటోంది. పాపం ఆ పిల్ల గొంతు కూడా బాగోలేదు. చిట్టి స్కూలు మారుతుందా అని అడిగితే మాట దాటేసింది.

మీ అమ్మకి సత్యం బావ మాట చెప్పలేదు. దొడ్డిగుంట వైపున్న అరెకరం నీదే. ఇప్పుడే అమ్మినా నాకేం లోటు లేదు. ఎండలో టోపీ లేకుండా బయట పని చెయ్యకు, నీకు తలనొప్పి వస్తుంది. అమ్మ పంపిన ఉసిరి పచ్చడిలో నూనె తగ్గితే కాచి చల్లార్చి పోయమను.

ఆదివారం మాకు సాయంత్రం ఆరింటికి చెయ్యి. ఆ టైంలో అమ్మ గుడికి వెళ్తుంది, నేనొక్కణ్ణే ఉంటాను.

నాన్న