మీ మడ మొక్కలు ఎందుకు చచ్చాయంటే

ఒరే పెంచలా,

ముత్తుకూరు పక్క ఉప్పుటేటి ఒడ్డున, రొయ్యల గుంట కట్ట వెనక నాటిన మడ మొక్కలు మూడొంతులు ఎండాయని, ఉప్పెక్కువై పోయాయేమోనని, యూరియా వేస్తే తేరుకుంటాయా అని రాశావు. ఆ ఉప్పు మాటలో సగమే నిజం.

మీరు నాటింది తెల్లమడ, దానికి ఉప్పు కొత్తా ఏంటి? నూటికి తొంభై పాళ్లు వేళ్ల దగ్గరే ఆపేస్తది. దాటొచ్చింది ఆకుల్లోంచి కక్కేస్తది. తెల్లారి ఓ ఆకు నాలిక్కి తాకించి చూడు, ఉప్పగా గరగరలాడుద్ది. ఆకు అడుగున బూడిదరంగు నూగుంటది గదా, అది నీళ్లు ఆవిరి కాకుండా పెట్టుకున్న దుప్పటి.

దాని అసలు తంటా ఊపిరి. బురదలో గాలుండదు, అందుకే అడ్డవేళ్ల మీంచి పెన్సిళ్లలాంటి వేళ్లు జానెడెత్తు పైకి పొడుచుకొస్తాయి. వాటి ఒంటి నిండా సన్న రంధ్రాలు. పోటులో మునిగినప్పుడు లోపలి గాలి వాడుకుంటాయి, పాటుకు నీళ్లు దిగ్గానే కొత్తగాలి పీల్చుకుంటాయి. నీళ్లు దిగకపోతే పెద్ద చెట్టయినా ఉక్కిరిబిక్కిరై చస్తది. గుంట రొంపి తెచ్చి ఆ వేళ్ల మీద పోసినా అంతే.

మీ కట్ట వెనక పల్లంలోకి పున్నమి పోటు నీళ్లు వస్తాయి, తిరిగి పోవు. ఎండాకాలం అవి ఇగిరి ఉప్పు పేరుకుంటది. ఏటి నీళ్లకంటే ఎన్నో రెట్లు ఉప్పయితే మడ కూడా తట్టుకోలేదు. దానికి యూరియా ఏం చేస్తది, నీ పిచ్చిగాకపోతే!

పల్లం నుంచి ఏటికి వాలుగా ఓ కాలువ తియ్యి. దానికి రెండు పక్కలా చేప ముల్లు మాదిరి ఏటవాలుగా పిల్లకాలువలు. అక్టోబరు లోపల తవ్వితే మన వానలకు చవుడు కడుక్కుపోద్ది. నాటేది ఆ తర్వాతే. కాలువ అడుగున పెడితే మునిగే ఉంటది, గట్టు మీద పెడితే ఎండుద్ది. వాలులో నడిమికి, మీటరు ఎడంగా పెట్టు.

కాయలు కొయ్యబాక, తాకితే రాలేవే ఏరు. చెట్టు మీదుండగానే లోపల మొలక తయారై ఉంటది. ఏటి నీళ్లలో ఒకటి రెండ్రోజులు నానేస్తే తొక్క ఊడొస్తది. వేరు కొన కిందికి పెట్టి బురదలో సగం మాత్రం నొక్కు, పూడ్చేస్తే కుళ్లుద్ది. పాచి చుట్టుకుంటే చేత్తో తీసెయ్యి, ఆ బరువుకి మొక్క ఒరిగిపోద్ది.

కంచె మాత్రం మర్చిపోబాక. ఆ ఉప్పటి ఆకంటే మేకలకు మహా ఇష్టం.

నీ
రమణయ్య