మోరీ చివర ఒక జమ్ము మడి కట్టండి

సంపాదకునికి,

మా ఊళ్లో సీసీ రోడ్ల పక్కన మోరీలు కట్టారు. అవి పోయేది చెరువులోకే! మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువు ఇప్పుడు సబ్బు నురగ, గుర్రపుడెక్కతో నిండింది. ఇంకుడు గుంతలు ఇంటికి సరే, వాడకట్టు మొత్తం నీళ్లకు చాలవు.

మోరీ చివర బురద అడుగుకు దిగే ఒక సెటిలింగ్ ట్యాంకు, దాని తర్వాత కంకర నింపిన మడి, అందులో జమ్ము లేదా మెట్టతామర ఉంటే చాలు. నీళ్లు కంకర లోపలే పారతాయి కాబట్టి దోమల బెడద తక్కువ. కంకరకు, వేళ్లకు పట్టిన సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. వాలు ఉంటే కరెంటు అక్కర్లేదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, పల్లెల్లో ఇలాంటివి కట్టి చూపించింది. ఆ నీళ్లు తాగడానికి కాదు, పశుగ్రాసానికి.

అసలు తిప్పలు కట్టాకే. ట్యాంకులో బురద తీయకపోతే కంకర పూడుకుపోతుంది. రిబ్బన్ కత్తిరించి మరిచిపోవడం మనకు అలవాటే కదా! బురద తీసే కూలీ ఖర్చును పంచాయతీ ఏటా బడ్జెట్లో రాయాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ జిల్లా