రాంచ్ ట్రిప్ గురించి ముందే చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాం

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో మా వ్యాన్‌లో ఎల్క్ అనే పెద్ద దుప్పులనూ, బైసన్ అనే అడవిదున్నల్లాంటి పశువులనూ పెంచే రాంచ్‌కు వచ్చిన రెండు కుటుంబాలు తిరుగు ప్రయాణంలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తప్పు నాదే.

అమెరికాలో డెన్వర్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు నాలుగు చోట్లు చూపిద్దామని నేనూ మా ఆవిడా ఈ ట్రిప్పులు మొదలుపెట్టాం. రాంచ్ గురించి "జంతువులను దగ్గరగా చూడొచ్చు" అని రాశాం. అవి మాంసం కోసం పెంచేవని రాయలేదు. రాస్తే సీట్లు నిండవేమోనని భయపడ్డాను. అక్కడ ఒక బాబు బైసన్‌లను చూసి "ఇవి పెద్దయ్యాక ఏం చేస్తారు?" అని అడిగాడు. మగవి రెండేళ్లు దాటాక మాంసానికి వెళ్తాయని రాంచ్ యజమాని దాచకుండా చెప్పారు. రాంచ్‌లో మమ్మల్ని తిప్పిన ట్రైలర్ దిగగానే ఆ బాబు నానమ్మగారు వెళ్లి వ్యాన్‌లో కూర్చున్నారు. "ఆవులాంటిదే కదా నాయనా, ముందే చెబితే వచ్చేదాన్ని కాదు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బైసన్ ఆవుకు దగ్గరి చుట్టమే. పాపికొండల్లో తిరిగే మన అడవిదున్నదీ ఆ వంశమే.

ఆ రెండు కుటుంబాలకూ డబ్బు వెనక్కి పంపాం. ఇకపై బుకింగ్‌కు ముందే అన్నీ చెబుతాం. మాంసానికి పంపే సంగతీ, వేసవి మొదట్లో మగ ఎల్క్‌ల లేత కొమ్ములు కోసి అమ్మే సంగతీ, చివర్లో ఉండే మాంసం దుకాణం సంగతీ. దుకాణంలోకి వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఇంకో తప్పు కూడా ఉంది. ఫొటో కోసం ఒకాయన పాపను ట్రైలర్ కమ్మీ మీదికి ఎత్తారు. ఆయన నొచ్చుకుంటారేమోనని నేను ఊరుకున్నాను. మగ బైసన్ 900 కిలోల దాకా తూగుతుంది, గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు. మేత బండి వెనకాల నెమ్మదిగా నడిచొస్తుంటే సాధువులా కనిపిస్తుంది కానీ అది పెంపుడు గేదె కాదు. ఇకమీదట ఎవరు నొచ్చుకున్నా సరే, ఆపుతాను. మగవి పోట్లాడుకునే జూలై, ఆగస్టుల్లో ట్రిప్పే పెట్టం.

ఇంత చెప్పాక కూడా ఈ రాంచ్‌ను వదలబుద్ధి కావడం లేదు. 1880ల చివరికి ఈ దేశంలో వెయ్యి బైసన్‌లు కూడా మిగల్లేదు. అప్పట్లో కొన్నింటినైనా దక్కించినవాళ్లలో రాంచర్లున్నారు. టెక్సస్‌లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల వ్యాపారి, భార్య మేరీ ఆన్ పట్టుబట్టడంతో, 1878 ప్రాంతంలో కొన్ని దూడలను తెచ్చి పెంచాడు. నేటికీ ఎక్కువ బైసన్‌లు ఉన్నది ప్రైవేటు రాంచ్‌లలోనే. అమ్మడానికి పెంచేవాళ్ల చేతుల్లోనే ఆ జాతి నిలిచిందన్న సంగతి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది.

ఎల్క్ మన కణుజులాంటి పెద్ద దుప్పి. మగవాటి కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి, జోరుగా పెరిగే రోజుల్లో రోజుకు రెండు సెంటీమీటర్లకు పైగానే. కంచె ఎనిమిది అడుగులు ఎందుకని చాలామంది అడిగారు. ఎల్క్ బాగా ఎగురుతుంది. పైగా దుప్పి జాతులకు సోకి మెదడును తినేసే ఒక జబ్బును మొదట 1967లో కొలరాడోలోనే గుర్తించారు. అడవి ఎల్క్‌లూ రాంచ్ ఎల్క్‌లూ కలవకుండా చూడాలి. ఇక సెప్టెంబరులో మగ ఎల్క్ పిలుపు వినాలి. అంత శరీరంలోంచి గర్జన వస్తుందనుకుంటాం, వచ్చేది సన్నాయి పైస్థాయిలో జారినట్టు సన్నటి ఈల.

రాంచ్ వద్దనుకునేవాళ్లకు వేరే దారి చూశాం. సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాల్లో రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో ఇదే ఈల అడవి ఎల్క్‌ల నోట వినొచ్చు. బైసన్‌ల కోసమైతే జెనెసీ పార్క్ ఉంది. అక్కడి మందను డెన్వర్ నగరం 1914 నుంచి పెంచుతోంది, కంచె బయటి నుంచి చూడొచ్చు.

వచ్చే శనివారం ఆ నానమ్మగారిని జెనెసీకే తీసుకెళ్తున్నాం. ఫోన్‌లో మొదట అడిగింది "వీటినేం చేస్తారు?" అనే. మంద పెరిగితే ఒకప్పుడు వేలం వేసేవారని, 2021 నుంచి ఇక్కడి ఆదివాసీ తెగలకు ఇస్తున్నారని, వాళ్లు సొంత మందలు పెంచుకుంటున్నారని ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఆలోచించి, ఎన్నింటికి బయల్దేరాలని అడిగారు.