తాళం నా దగ్గరే ఉంది

ఒరేయ్ బావా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లు జవాబు రాయలేదని తిట్టుకుంటూనే ఉంటావు. కారణం చెబితే ఇంకా తిడతావు. ఎదురింటి మాస్టారి కారు నా వల్ల చచ్చింది.

రేవా కారురా, కరెంటుతో నడిచేది. మనం కొత్తగా బెంగళూరు వచ్చినప్పుడు చూసి, 'ఇది పెద్దయితే మారుతీ అవుతుందేమో' అన్నావే, అదే. 2001లో ఇక్కడే తయారై రోడ్డెక్కింది. మైనీ గ్రూపు, అమెరికా వాళ్ల అమెరిగాన్ కలిసి 1994లో పెట్టిన కంపెనీ, 2010లో మహీంద్రా చేతికి వెళ్లింది. రెండు తలుపులు, ప్లాస్టిక్ ఒళ్లు, వెనక సీటు పిల్లలకే. లండన్‌లో దీన్నే జీ-విజ్ పేరుతో అమ్మారు. అక్కడ కారు లెక్కలోకి రాదు, క్వాడ్రిసైకిల్ అట, అంటే నాలుగు చక్రాల తేలికపాటి బండి, అందుకే కార్లకుండే క్రాష్ టెస్టు దీనికి అక్కర్లేకపోయింది. హైవే మీదికైతే నేనూ తీసుకెళ్లను, ఒట్టు.

మాస్టారు కొడుకు దగ్గరికి అమెరికా వెళ్తూ తాళం నాకిచ్చారు. 'వారానికోసారి ఛార్జింగ్ పెట్టు నాయనా, నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూడు.' అంతే పని. రెండు నెలలు బుద్ధిగా చేశాను. తర్వాత ఆఫీసు టెన్షన్లో పడి దాని మీద కవరు కూడా తీయలేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ కదా, ఖాళీగా వదిలేస్తే లోపల ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఇక ఛార్జింగ్ పట్టదు. ఆయన వచ్చి తాళం తిప్పితే చడీచప్పుడూ లేదు. అంటే, బాగున్నప్పుడూ దానికి చప్పుడుండదనుకో.

ఆయన ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

సగం డబ్బులు నేనే పెట్టుకుని కొత్త బ్యాటరీలు తెచ్చాం. ముందు సీట్లు ఊడదీస్తే కింద ఎనిమిది, ఒక్కోటి ఆరు వోల్టులు, వరసగా కలిపితే 48. ఒక్కోటి ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేదు. పాతవి తీశాక కారు నిజంగానే రెండంగుళాలు పైకి లేచింది, బరువు దించుకున్న గాడిదలా. యాసిడ్ పడి నా కొత్త ప్యాంటుకి జల్లెడలా చిల్లులు. మీ చెల్లెలు ఇంకా మాట్లాడుతూనే ఉంది.

ఆదివారం మాస్టారూ నేనూ జయనగర్ నుంచి గాంధీ బజారుకి దోసెకి వెళ్లాం. గేరు కర్ర లేదు, క్లచ్ లేదు, నాబ్ తిప్పితే కదులుతుంది. ఒక్కసారి ఛార్జి చేస్తే 80 కిలోమీటర్లు అని కంపెనీ అనేదిలే, ఆయనకి రోజుకి పన్నెండు దాటవు. మార్కెట్టు, గుడి, బ్యాంకు. అందరూ పార్కింగ్ సందు కోసం తిరుగుతుంటే, ఆయన రెండు బైకులు పట్టే చోట దూర్చేసి దిగిపోయారు. ఇరవయ్యేళ్లుగా నవ్వించుకున్న కారు మీద నాకు గౌరవం పుట్టింది అక్కడే.

వచ్చే నెల మళ్లీ అమెరికా వెళ్తున్నారు. ఈసారి తాళం మీ చెల్లెలికిచ్చారు.

ఉంటాను మరి. నువ్వైనా వెంటనే రాయి.

నీ
బావ